తొమ్మిదో ఎపిసోడ్ తొలిసారి చూసేవాళ్ళకు ఎట్లా చూపించాలి, వాళ్ళ ముఖాలు ఎట్లా రికార్డు చెయ్యాలి

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్ 2000లో వచ్చింది. అందులోని ఒక ఘట్టం గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లిష్ సీరియల్ మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌గా తెరకెక్కింది 2013 జూన్ 2న. ఎపిసోడ్ పేరు ద రెయిన్స్ ఆఫ్ కాస్టమీర్. నడుమ పదమూడేళ్ళు గడిచాయి. పుస్తకం చదివినవాళ్ళు ఆ ముచ్చటను కడుపులోనే దాచుకున్నారు. చివరికి చాలామంది ఆ రాత్రి తమ దోస్తుల ముందు కెమెరా పెట్టి కూర్చున్నారు. దిండ్లు నోటికి అడ్డం పెట్టుకొని, లేచి నిలబడి, మాట రాక నేల చూస్తూ ఉండిపోయినవాళ్ళ వీడియోలు లోకమంతా తిరిగాయి.

హనుమకొండలో, కాజీపేటలో, యూనివర్సిటీ హాస్టళ్ళలో ఈ సీరియల్‌ను ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు చూపించబోయే అన్నల కోసం, అక్కల కోసం ఈ రాత. ఆ ఎపిసోడ్‌లో ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పడం లేదు. అయినా సీజన్, నంబరు ఉన్నాయి కాబట్టి ఈ పేజీని చూడనివాళ్ళ కంట పడనివ్వకండి.

ఒగ్గు కథ వినే జనానికి మల్లన్న కథ ముందే తెలుసు. అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి బయటికి రాడనీ తెలుసు. అయినా ఆ చోటికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంటారు. తెలిసిన కథకు ఏడ్వడం మనకు అలవాటే. ఈ ఎపిసోడ్ దెబ్బ వేరు. తెలియకపోతేనే తగులుతుంది, ఒక మనిషికి ఒక్కసారే తగులుతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ఒక్కసారిని కాపాడటానికే.

ముందుగా లెక్క. మొదటి మూడు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు కాబట్టి మూడో సీజన్ తొమ్మిదోది మొత్తం మీద ఇరవై తొమ్మిదోది అవుతుంది. శనివారం రెండు, ఆదివారం రెండు చూస్తే ఏడు వారాల్లో ఇరవై ఎనిమిది అయిపోతాయి. ఎనిమిదో శనివారం జంటలో మొదటిది మీరు ఎదురుచూస్తున్న ఎపిసోడ్, రెండోది సీజన్ ఆఖరుది. ఇట్లా జంటల్లో చూడటంలో ఒక లాభం ఉంది. ఆ రోజు కూడా అలవాటు ప్రకారమే నడుస్తుంది, ప్రత్యేకంగా పిలవాల్సిన పని లేదు. "శనివారం తప్పకుండా రా, మిస్ కావద్దు" అన్నారంటే సగం చెప్పేసినట్టే. ఎవరైనా రాలేకపోతే కారణం చెప్పకుండా అందరికీ వాయిదా వెయ్యండి. ఆ ఒక్కరికి తర్వాత ఫోన్‌లో చూసుకొమ్మని మాత్రం చెప్పకండి.

కెమెరాకూ ఇదే సూత్రం. ఆ రోజు ఒక్కరోజే ఫోన్ స్టాండ్ ఎక్కితే "ఏమైతదన్నా ఇయ్యాల?" అని మొదటి నిమిషంలోనే అడుగుతారు. ఇగ ప్రతి సీనులో చావు కోసమే వెతుకుతూ కూర్చుంటారు. అందుకే మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచే, అందరినీ అడిగి ఒప్పుకున్నాకే, ప్రతిసారీ రికార్డు పెట్టండి. నాలుగైదు ఎపిసోడ్లకు అది గోడ మీది గడియారంలా అయిపోతుంది. రికార్డు చేసినవి దాచాల్సిన పని లేదు, ఏ వారానికి ఆ వారం చెరిపెయ్యండి. కెమెరా వద్దన్నవాళ్ళను ఫ్రేమ్ బయట కూర్చోబెట్టండి, బతిమాలకండి.

ఏడు వారాలు రహస్యం నిలవాలంటే తొలిసారి చూసేవాళ్ళ ఫోన్లను మొదటి రోజే సర్దాలి. అన్నిటికంటే ప్రమాదం గూగుల్‌లో పాత్ర పేరు కొట్టడం. పేరు సగం కొట్టగానే కింద వచ్చే సూచనల్లో చావు అన్న మాట కనబడుతుంది. "ఎవరు ఎవరికి ఏమైతరో తెలుస్తలేదు" అని వాళ్ళు వెతికేది కూడా ఇక్కడే. కాబట్టి ఇంటి పేర్లు, చుట్టరికాలు మీరే ఒక కాగితం మీద రాసివ్వండి, సీజన్ మారినప్పుడల్లా కొత్తది ఇవ్వండి. యూట్యూబ్‌లో ఈ సీరియల్ క్లిప్ ఒక్కటి చూసినా మరునాటి నుంచి బొమ్మలన్నీ అవే. వాచ్ హిస్టరీ ఆపి, వచ్చినవాటికి 'నాట్ ఇంట్రెస్టెడ్' కొట్టించండి. నటీనటుల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల జోలికి పోవద్దని కూడా చెప్పండి.

చూసినవాళ్ళ నోరు కట్టడం ఇంకా కష్టం. "నేనేం చెప్పలేదు, మూడో సీజన్ దాకా ఆగు అన్న అంతే" అనేవాళ్ళు ప్రతి గుంపులో ఉంటారు. అది కూడా చెప్పడమే. ఏ సీజన్, ఏ నంబరు, ఏ పాత్ర అన్న మూడు మాటలూ రాకూడదు. ఒక పాత్రను ఇష్టపడుతున్నామని వాళ్ళు అన్నప్పుడు మీరు నవ్వకూడదు, పక్కవాళ్ళ వైపు చూడకూడదు. చాలాచోట్ల గుట్టు రట్టయ్యేది మాటతో కాదు, ఈ చూపుతోనే.

గదికి వద్దాం. 43 అంగుళాల టీవీకి ఐదు నుంచి ఏడు అడుగుల దూరంలో రెండు వరుసలు సరిపోతాయి, ఎనిమిది మందికి మించితే పక్కన కూర్చున్నవాళ్ళకు తెర సరిగ్గా కనబడదు. తొలిసారి చూసేవాళ్ళను ముందు వరుసలో చాప మీద, తెలిసినవాళ్ళను వెనుక కుర్చీల్లో కూర్చోబెట్టండి. తిప్పి పెడితే ముందున్నవాళ్ళు ఘట్టం రాకముందే బిగుసుకుపోతారు, వాళ్ళ భుజాలు చూసి వెనుకవాళ్ళు పసిగడతారు.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర కూలర్ లేకుండా కూర్చోవడం కష్టం, కూలర్ సప్పుడులో సంభాషణ వినడం ఇంకా కష్టం. ఎపిసోడ్‌కు గంట ముందు నుంచి గది చల్లబరిచి, మొదలయ్యాక కూలర్ ఆపి ఫ్యాన్ రెండు మీద పెట్టండి. ఈ ఎపిసోడ్‌లో వాద్యాల పాట మారడం, తలుపు మూసుకోవడం కీలకం, అవి వినబడకపోతే సగం పోయినట్టే. టీవీ స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో ఉంటాయి, చిన్న సౌండ్‌బార్ అయినా పెట్టండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫంక్షన్ హాల్ పక్క ఇల్లు, కాజీపేటలో పట్టాల పక్క ఇల్లు ఎంచుకోకండి. బరాత్ బ్యాండూ రైలు కూతా రికార్డింగ్‌లో ముఖాల కంటే ముందు నిలబడతాయి.

తిండి కూడా సప్పుడు లెక్కలోకే వస్తుంది. సకినాలు ఎంత బాగున్నా ఎపిసోడ్ ముందే తినేసెయ్యాలి, నలుగురు కొరికితే మైకులో ఇంకేమీ వినబడదు. నడుమ పెట్టడానికి బొబ్బెర గుడాలు మేలు, మెత్తగా ఉంటాయి. సర్వపిండి తునకలు చల్లారి కాస్త మెత్తబడ్డాక పెట్టొచ్చు. చాయ్ ఎపిసోడ్ అయ్యాకే. వేడి గ్లాసు చేతిలో ఉన్నప్పుడు ఆ ఘట్టం వస్తే బట్టల మీద ఒలుకుతుంది.

కరెంట్ సంగతి మొదటి రోజే తేల్చుకోండి. 150 ఏహెచ్ కొత్త బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ మీద టీవీ, సౌండ్‌బార్, రౌటర్, రెండు ఫ్యాన్లు కలిపి 300 వాట్ల లోపు ఉంటే మూడు నాలుగు గంటలు నడుస్తాయి, పాత బ్యాటరీ అయితే అందులో సగమే అనుకోండి. తరచూ జరిగే తప్పు ఏమిటంటే టీవీ ఇన్వర్టర్ లైన్ మీద, రౌటర్ మామూలు ప్లగ్ మీద ఉండటం. కరెంట్ పోగానే బొమ్మ ఉంటుంది, నెట్ పోతుంది. ఇంకొకటి, కరెంట్ మారే క్షణంలో టీవీ ఆరిపోయి మళ్ళీ వెలగడం. ఇన్వర్టర్ వెనుక మీట యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆ విరామం తగ్గి చాలా టీవీలు ఆరిపోకుండా నిలుస్తాయి. మెయిన్ ఆపి, టీవీ నడుస్తుండగా ఒకసారి పరీక్షించండి. వీధిలో కేబుల్‌వాళ్ళ డబ్బాకు కూడా కరెంట్ పోవచ్చు కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. ఫోన్ తెరను నేరుగా టీవీకి అద్దంలా పంపితే చాలా యాప్‌లలో మాట వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. అది కాపీ కాకుండా పెట్టిన తాళం. టీవీలోని యాప్ గానీ, యాప్‌లోని క్యాస్ట్ గుర్తు గానీ వాడండి.

తెర అమరికలు ఒక్కసారి చేస్తే చివరి సీజన్ దాకా పనికొస్తాయి. 2019 ఏప్రిల్ 28న వచ్చిన ద లాంగ్ నైట్ ఎపిసోడ్ చీకటిగా ఉండి ఏమీ కనబడలేదని లోకమంతా గోల పెట్టింది. టీవీలో కరెంట్ ఆదా మోడ్, గది వెలుతురును బట్టి మారే సెన్సర్ రెండూ ఆపండి. సినిమా మోడ్ పెట్టండి. కదలికను నున్నగా చేసే మోషన్ అమరిక తీసెయ్యండి. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన అమరిక ఆటోప్లే. ఆ ఎపిసోడ్ చివర పేర్లు సంగీతం లేకుండా నిశ్శబ్దంగా నడుస్తాయి. తీసినవాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని కావాలనే వదిలారు. ఆటోప్లే ఉంటే పేర్లు చిన్న డబ్బాలోకి పోయి, కొన్ని సెకన్లలో తర్వాతి ఎపిసోడ్ మొదలవుతుంది. ప్రొఫైల్ సెట్టింగుల్లో ముందే ఆపండి, ఇంకో ఎపిసోడ్ మీద నిజంగా ఆగిందో లేదో చూసుకోండి. సబ్‌టైటిళ్ళలో సీసీ అని ఉన్నది చప్పుళ్ళనూ పాటలనూ కూడా అక్షరాల్లో రాస్తుంది, చెవి పట్టకముందే కన్ను చదివేస్తుంది. మాటలు మాత్రమే ఉన్నది దొరికితే అది పెట్టండి. ఎపిసోడ్ కింద రాసే రెండు లైన్ల కథ కనబడకుండా టీవీని మీరే నడపండి, రిమోట్ ఇంకొకరికి ఇవ్వొద్దు.

ఫోన్‌ను టీవీకి ఒక పక్కన, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో అడ్డంగా నిలపండి. 1080పి, సెకనుకు 30 ఫ్రేములు చాలు. 4కే పెడితే ఎండాకాలంలో ఫోన్ వేడెక్కి నడుమనే ఆగిపోతుంది. ఎపిసోడ్ సుమారు 50 నిమిషాలు కాబట్టి 10 జీబీ ఖాళీ ఉంచండి. ఎయిరోప్లేన్ మోడ్ తప్పనిసరి, కాల్ వస్తే రికార్డింగ్ తెగిపోవచ్చు. తెర చీకటి వెలుగులకు ముఖాలు మినుకుమినుకుమనకుండా ఒక ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌కూ వెలుతురుకూ తాళం వెయ్యండి. వెలుతురు కోసం 5 వాట్ల పసుపు బల్బును టీవీ పక్కన నేల మీద గోడ వైపు తిప్పి పెడితే ముఖాల మీద మెత్తగా పడుతుంది. వెనుక బల్బు ఉంటే అందరూ నల్లటి నీడలే.

ఒక మాట జాగ్రత్తగా వినండి. ఇది పెద్దవాళ్ళు మాత్రమే చూడాల్సిన సీరియల్, పిల్లలను గదిలో ఉంచకండి. ఈ ఘట్టంలో హింస మనసును బాగా కలచివేస్తుంది. మీ గుంపులో గర్భవతి గానీ, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు గానీ ఉంటే ముందురోజు విడిగా పిలిచి, కథ చెప్పకుండా, "చాలా గట్టి హింస ఉంటది, చూడాలో వద్దో నువ్వే చెప్పు" అనండి. వాళ్ళకు దెబ్బ కాస్త తగ్గితే తగ్గనివ్వండి. మనిషి ముఖ్యం.

అయ్యాక పేర్లు పూర్తిగా నడవనివ్వండి. లైటు వెయ్యకండి, నవ్వకండి, "అప్పుడే అన్న కదా" అని అసలే అనకండి. ముందు వరుసలో ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా వెనుక వరుస మాట్లాడొద్దు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "నిజంగనే సచ్చిపోయిండ్రా?" అనే రకంగా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మళ్ళీ వస్తారేమో అన్న అబద్ధపు ఆశ పెట్టకండి. జంటలో రెండోదే అయినా పదో ఎపిసోడ్ ఆ రాత్రి వద్దు, మరునాటికి ఉంచండి. కోపంతో ఇగ చూడనన్నవాళ్ళను వారం రోజులు కదిలించకండి. చాలామంది వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

వీడియో ఎక్కడైనా పెట్టేముందు అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ కోసిన ముక్క చూపించి ఒప్పుకోలు తీసుకోండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. పాట మారడానికి ఇరవై సెకన్ల ముందు మొదలుపెట్టి, మొదటి మాట వచ్చాక ఆపండి. తెర కనబడకూడదు. సీరియల్ ధ్వని సాగుతూ వినబడితే యూట్యూబ్ హక్కుల కింద పట్టేస్తుంది కాబట్టి సంగీతం ఉన్నచోట శబ్దం బాగా తగ్గించండి. దాని మీద మీకు నచ్చిన పాట వెయ్యకండి, ముఖాలు చాలు.

గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కు ముందు జరిగే కథతో తీసిన హౌస్ ఆఫ్ ద డ్రాగన్ లాంటి సీరియళ్ళలో కొత్త ఎపిసోడ్లది వేరే లెక్క. అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదికి వేస్తే, అక్కడ వేసవి గడియారం నడిచే నెలల్లో మనకు సోమవారం పొద్దుగాల ఆరున్నర. అప్పుడే కలిసి చూసి తొమ్మిదికి ఆఫీసుకో క్లాసుకో పోవచ్చు. పొద్దుగాల కుదరనివాళ్ళు మధ్యాహ్నం దాకా ఫోన్ తెరవకుండా ఉండలేరు కాబట్టి, చూసినవాళ్ళ కోసం వాట్సాప్‌లో వేరే గ్రూపు పెట్టండి. సోమవారం రాత్రి పదింటిదాకా పాత గ్రూపులో ఒక్క ఎమోజీ కూడా పడొద్దు, స్టేటస్‌లో నల్ల బొమ్మ కూడా వద్దు. ఏడుపు ముఖం ఒక్కటి పెట్టినా ఎవరో పోయారని అందరికీ అర్థమైపోతుంది.