ఇంటి ఉప్పునీటి అక్వేరియం, 8వ పాఠం: ఏ రాస్ పక్కన ఏ రాస్

రాస్‌లంటే రంగురంగుల సముద్రపు చేపల కుటుంబం. పోయిన పాఠం చదివి వాటిలో ఒకటైన సిక్స్‌లైన్ రాస్ తెచ్చుకున్నవాళ్లలో చాలామందికి నా మీద కోపంగా ఉంది. ఆ కోపం న్యాయమే. "గట్టి చేప, పది సెంటీమీటర్లు దాటదు, రాళ్ల సందుల్లో పురుగుల్ని ఏరుకుని తింటుంది" అని రాశాను. మూడూ నిజాలే. కానీ దాన్ని అన్నిటికన్నా ఆఖరున వేయాలన్న మాట ఒక్క వాక్యంలో, అదీ పాఠం చివర రాశాను. మీరేమో ముందు దాన్నే వేశారు. గట్టి చేపతో మొదలుపెట్టమని నాలుగో పాఠంలో చెప్పింది నేనే కాబట్టి, రెండూ కలిపి చదివినవాళ్లు అలాగే చేస్తారు. పొరపాటు పాఠంలో ఉంది, మీలో కాదు.

అందుకే ఈసారి మేత గురించి రాయాల్సిన పాఠాన్ని పక్కన పెట్టాను.

మీ ఉత్తరాలన్నిటిలో కథ ఒక్కటే. సిక్స్‌లైన్ రెండు మూడు నెలలు బుద్ధిగా ఉంది. ఆ తర్వాత ఫెయిరీ రాస్ వచ్చింది. మర్నాడు దాని తోక చివర చిరిగింది, మూడో రోజు మేతకు రాలేదు, నాలుగో రోజు ఓవర్‌ఫ్లోలోనో (ట్యాంక్ నీళ్లు పొర్లి కిందికి దిగే గది) ట్యాంక్ వెనక నేల మీదో దొరికింది. ఒకరైతే "ఫెయిరీ దానికన్నా పెద్దది కదండీ, ఎలా ఓడిపోయింది?" అని అడిగారు.

రాస్‌ల దగ్గర సైజు లెక్క పనిచేయదు. సిక్స్‌లైన్‌కు రాళ్లే ఇల్లు. పగలంతా ఒక సందులో దూరి ఇంకో సందులో తేలుతుంది. రెండు నెలల్లో ట్యాంక్‌లోని ప్రతి రాయీ దానిదైపోతుంది. ఫెయిరీ పగలు రాళ్లపైన నీళ్లలో తేలుతూ, కొట్టుకొచ్చే సన్నటి జీవుల్ని తింటుంది. దానికి కాపాడుకునే ఇల్లంటూ లేదు, పోట్లాట అలవాటూ లేదు. కానీ బెదిరినా, చీకటి పడినా దూరాల్సింది ఆ రాళ్లలోకే. అక్కడ సిక్స్‌లైన్ కాచుకుని ఉంటుంది.

ఇప్పటికే ఈ చిక్కులో ఉన్నవాళ్ల కోసం ముందు ఇది చెప్పేస్తాను. రాళ్లన్నీ పీకి చేపను పట్టొద్దు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా మెడ దగ్గర కోసి, ఆ ముక్కను తలకిందులుగా సీసాలోకే దూర్చండి. అంచులు నున్నగా చేయండి. లోపల కాస్త మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవుల మేత) వేసి రాళ్ల పక్కన పడుకోబెట్టండి. మొదటి నాలుగు రోజులు పట్టే ప్రయత్నమే చేయకండి, లోపలికి వెళ్లి తిని రావడం దానికి అలవాటు కానివ్వండి. నేను ఎప్పుడూ పొద్దున మొదటి మేతకు ముందే పడతాను, ఆకలి మీద ఉంటుంది కాబట్టి. పట్టిన సిక్స్‌లైన్‌ను సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి) బుట్టలో పది పదిహేను రోజులు ఉంచండి. ఈలోగా రెండు మూడు రాళ్ల చోటు మార్చండి, ఫెయిరీ కుదురుకుంటుంది. తిరిగి వేసేటప్పుడు సిక్స్‌లైనే కొత్తది, కాబట్టి యాక్లిమేషన్ బాక్స్‌లో (కొత్త చేపను మిగతావాటికి అలవాటు చేయడానికి ట్యాంక్‌లోనే పెట్టే పారదర్శక పెట్టె) ఉండాల్సింది అదే. చాలాసార్లు ఇది సరిపోతుంది. సరిపోకపోతే ఆ చేపను వేరే రాస్‌లు లేని ట్యాంక్ ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. రెండోసారి ప్రయత్నించకండి.

సంప్‌లో బుట్టకు చోటు లేనివాళ్లు అద్దం వాడొచ్చు. గ్లాసుకు బయట, కొత్త చేప ఉన్న బాక్స్‌కు ఎదురు వైపున చిన్న అద్దం అంటించండి. సిక్స్‌లైన్ తన నీడతో పోట్లాడుతుంటే కొత్త చేపకు ఊపిరి దొరుకుతుంది. రోజుకు కొన్ని గంటలు చాలు. (రాస్‌ల కుటుంబానికే చెందిన క్లీనర్ రాస్ అద్దంలో తనను తాను గుర్తుపడుతున్నట్టుందని 2019లో జపాన్ పరిశోధకులు ప్రచురించారు. అవి కూడా మొదట్లో అద్దంతో పోట్లాడినవే. ఎంత అబ్బురమనిపించినా ఆ చేపను కొనకండి. అది ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని బతుకుతుంది. ఇంటి ట్యాంక్‌లో చాలావరకు ఆకలితోనే పోతుంది.)

ఇక ఎంపిక. రాస్‌లలో 500కు పైగా జాతులున్నాయి, అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రజాతి పేరు, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట అడగండి, చాలు. సిరిలాబ్రస్ అంటే ఫెయిరీలు. పారాకైలినస్ అంటే ఫ్లాషర్లు. ఈ రెండూ కలిసిపోతాయి, వేరువేరు జాతుల మగచేపలు కూడా. నా లెక్క ఎప్పుడూ ఒకటే: ముందు ఫ్లాషర్, తర్వాత మెతక ఫెయిరీ, స్కాట్స్ ఫెయిరీలాంటి దురుసువి ఆఖరున. ఒకే జాతి మగచేపలు రెండు మాత్రం వద్దు. ఇవి సాధారణంగా ఆడగా మొదలై పెద్దయ్యాక మగగా మారతాయి. మగగా మారినది మళ్లీ ఆడగా మారుతుందన్న ఆశ పెట్టుకోకూడదు కాబట్టి, ఆ గొడవకు పరిష్కారం లేదు. ఫ్లాషర్ ఆడచేపలు ఏ జాతివో కంటితో తేల్చడం చాలా కష్టం, అందుకే నేను మగవే కొంటాను. ఫ్లాషర్లలో మెకాస్కర్స్ మగచేపకు వీపు రెక్క మీద ఒకే పొడుగాటి పోగు ఉంటుంది, కార్పెంటర్స్‌కు రెండు మూడు ఉంటాయి. ఈ రెండిటినీ ఒకే రోజు వేసి, సాయంత్రం లైట్లు తగ్గే వేళ అవి రెక్కలు విప్పి రంగులు మెరిపించడం చూడండి. నేను ఈ హాబీలో ఇన్నేళ్లు ఉండిపోవడానికి కారణం ఆ అరగంటే.

సిక్స్‌లైన్ లాంటిదే కావాలి, గొడవ మాత్రం వద్దు అనేవాళ్లకు పోసమ్ రాస్ ఉంది, వెట్‌మోరెల్లా ప్రజాతి. చిన్నది, బిడియస్తురాలు. అయితే సిక్స్‌లైన్ ఉన్న ట్యాంక్‌లో దాన్ని అస్సలు వేయకండి. రెండూ రాళ్లలోనే తిరుగుతాయి, అందరికన్నా ముందు దెబ్బ తినేది అదే.

హాలికోయిరెస్ ప్రజాతివి ఇసుకలో పడుకునేవి. ఐదు సెంటీమీటర్ల మెత్తటి ఇసుక లేకపోతే తేవొద్దు.

ఇప్పుడు "కోరిస్" సంగతి. ఇది కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి. ఎల్లో కోరిస్ మంచి చేప అని పోయిన పాఠంలో రాస్తే ముగ్గురు రెడ్ కోరిస్ తెచ్చుకున్నారు. "కోరిస్ మంచిదన్నారు కదా, ఇది ఇంకా అందంగా ఉంది" అని. ఎల్లో కోరిస్ అసలు కోరిసే కాదు. దాని పేరు హాలికోయిరెస్ క్రైసస్. ఒళ్లంతా పసుపు, 12 సెంటీమీటర్లు, ఫెయిరీలతో హాయిగా ఉంటుంది. రెడ్ కోరిస్ నిజమైన కోరిస్, కోరిస్ గైమార్డ్. పిల్లగా ఉన్నప్పుడు నారింజ ఎరుపు ఒంటి మీద నల్ల అంచున్న తెల్లటి మచ్చలతో ముచ్చటగా ఉంటుంది. పెరిగితే 40 సెంటీమీటర్లు. అప్పుడు రంగు పూర్తిగా మారిపోతుంది, ఇది అదే చేపని చెప్తే ఇంట్లోవాళ్లు నమ్మరు. రాళ్లు తిప్పేస్తుంది, నత్తల్ని, రొయ్యల్ని, సన్యాసి పీతల్ని నమిలేస్తుంది. హిందూ మహాసముద్రంలో దీనికి దగ్గరి బంధువు కోరిస్ కువియేరి ఉంది. దాని పిల్ల కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, అంతే పెరుగుతుంది, షాపులో దాన్నీ రెడ్ కోరిస్ అనే అనొచ్చు. ఇంకొకటి క్లౌన్ కోరిస్: తెల్లటి ఒళ్లు, వీపు మీద రెండు నారింజ మచ్చలు. చూడగానే ఎవరికైనా మనసవుతుంది. అది మీటరు దాటి పెరిగే చేప. అంగుళమున్నర పిల్లను కవర్‌లో కట్టించుకుని ఇంటికి తెచ్చేటప్పుడు ఆ మీటరు గుర్తుకు రాదు. తర్వాత దాన్ని తీసుకునేవాళ్లు దొరకరు, చిన్న ట్యాంక్‌లోనే చచ్చిపోతుంది. ఒక చేపకు ఇలా జరగడం నేను దగ్గరుండి చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: షాపులో చెప్పే పేరు ఆధారంగా కొనకండి. శాస్త్రీయ నామం అడగండి, తెలియదంటే ఫోటో తీసుకుని ఇంటికి రండి, పోల్చుకుని మర్నాడు వెళ్లండి.

మూన్ రాస్ గురించీ అడిగారు. మన్నార్ సింధుశాఖలోనూ లక్షద్వీప్‌లోనూ ఉండే చేప. 25 సెంటీమీటర్ల దూకుడు చేప. ఈ పాఠంలోని దేనితోనూ వేయొద్దు.

ఎల్లో కోరిస్ సరిగ్గానే తెచ్చుకుని, వేసిన నిమిషంలో ఇసుకలోకి మాయమైందని టెన్షన్ పడుతున్నవాళ్లు ఇసుక తవ్వకండి. కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా రాకపోవచ్చు. వచ్చాక కూడా మొదట్లో వేళగాని వేళ లేచి వేళగాని వేళ పడుకుంటుంది, మెల్లగా మీ లైట్లకు అలవాటు పడుతుంది.

మూత గురించి మళ్లీ రాయను, 6 మిల్లీమీటర్ల నెట్ అందరికీ ఉందనుకుంటున్నాను. కరెంటు పోయి లైట్లు ఒక్కసారిగా ఆరినప్పుడే నా ఫెయిరీలు రెండు దూకాయి, అప్పుడు మూత పక్కకు జరిపి ఉంది.

అభ్యాసం: ఈ వారం ఏ చేపా కొనకండి. ఏడు రాత్రులు, లైట్లు ఆరడానికి అరగంట ముందు నుంచి ఆరిన అరగంట వరకు ట్యాంక్ ముందు కూర్చోండి. ట్యాంక్ బొమ్మ ఒకటి గీసుకుని, ప్రతి చేప ఏ రాతిలో, ఏ మూల ఇసుకలో పడుకుంటుందో గుర్తు పెట్టండి. ఎర్ర టార్చ్ వాడండి, తెల్లది వద్దు. కొన్ని రాస్‌ల చుట్టూ పల్చటి జిగురు గూడు కనిపిస్తుంది, దాన్ని కదిలించకండి. ఎవరు ఎవర్ని ఏ సందులోంచి తరిమారో బాణం గుర్తుతో రాయండి. ఏడో రాత్రికి ఎవరూ పడుకోని, బాణాలు లేని సందులు మీ బొమ్మలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. మూడుకన్నా తక్కువుంటే మీ ట్యాంక్‌లో ఇంకో రాస్‌కు చోటు లేదు. మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే, కొనాలనుకుంటున్న చేప శాస్త్రీయ నామం ఆ బొమ్మ మీదే రాసి, వచ్చే పాఠానికి దగ్గర ఉంచుకోండి.