కంపెనీ నడతను లెక్కల్లో చదవడం – నాలుగో పాఠం: మలేషియా షరియా వడపోత

వార్షిక నివేదికలో లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టిక ఎక్కడ ఉంటాయో, వాటి వెనక వచ్చే నోట్స్‌ను ఎలా చదవాలో మూడో పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ చదువును ఒక పనికి పెడదాం. మలేషియా షేరు మార్కెట్లో నమోదైన ఒక కంపెనీ సంపాదన ఇస్లామిక్ వ్యాపార నీతికి లోబడి ఉందో లేదో మనమే లెక్కగట్టి తేల్చుకుందాం.

మలేషియానే తీసుకోవడానికి కారణం ఉంది. జనాభాలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ముస్లింలున్న ఆ దేశంలో ఈ పరీక్షను ఎవరి మనస్సాక్షికి వారికి వదిలేయలేదు. మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్ తన షరియా (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) సలహా మండలి చేత కంపెనీలను వడపోయించి, 1997 నుంచి నిలిచిన వాటి జాబితా ప్రకటిస్తోంది; ఇప్పుడది ఏటా మే, నవంబరు నెలల్లో వస్తుంది. కొలతలూ బహిరంగమే, ఫలితమూ బహిరంగమే కనుక, గురువు పక్కన లేకుండా నేర్చుకునేవారు తమ లెక్కను ఆ జాబితాతో సరిచూసుకోవచ్చు.

2013 నవంబరు నుంచి అమలవుతున్న పద్ధతిలో రెండు మెట్లున్నాయి. మొదటిది, డబ్బు ఏ వ్యాపారం నుంచి వస్తోంది అన్నది. మద్యం, జూదం, పంది మాంసం, పొగాకు, వడ్డీ మీద నడిచే బ్యాంకింగ్, బీమా వంటి వాటి వాటా 5 శాతం లోపే ఉండాలి. షేర్ల దళారీ వ్యాపారం, నిషిద్ధ వ్యాపారాలకు ఇచ్చిన భవనాల అద్దె వంటి మిశ్రమ ఆదాయాలకు 20 శాతం హద్దు. ఈ వాటాను టర్నోవర్‌ (మొత్తం అమ్మకాల)లోనూ, పన్నుకు ముందు లాభంలోనూ విడివిడిగా చూడాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

ఊహకు ఒక సూపర్ మార్కెట్ కంపెనీని తీసుకుందాం. మలేషియాలో ఇలాంటి దుకాణాలకు వెళితే హలాల్ కాని సరుకు వేరే గదిలోనో, వేరే వరుసలోనో ఉంటుంది. పంది మాంసానికి బిల్లు కట్టే కౌంటరు కూడా తరచుగా వేరుగానే ఉంటుంది. మన కంపెనీ ఏడాది టర్నోవర్ 40 కోట్ల రింగిట్లు, అందులో మద్యం అమ్మకాలు 1.2 కోట్లు, అంటే 3 శాతం. గట్టెక్కినట్టే అనిపిస్తుంది. కానీ పన్నుకు ముందు లాభం 3 కోట్లు, అందులో మద్యం తెచ్చింది 18 లక్షలు, అంటే 6 శాతం. ఈ కంపెనీ నిలవదు. అమ్మకంలో చిన్నదిగా కనిపించేది లాభంలో పెద్దదై ఉండవచ్చునన్న ఈ చూపు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే వ్యాపారి దేని మీద ఆధారపడి బతుకుతున్నాడో చెప్పేది లాభమే.

రెండో మెట్టు అప్పులు, నగదు. వడ్డీ అప్పులు మొత్తం ఆస్తుల్లో 33 శాతం లోపు ఉండాలి. వడ్డీ ఖాతాల్లో దాచిన నగదుకూ అదే హద్దు. ఈ మూడో వంతుకు మూలంగా పండితులు ముహమ్మద్ ప్రవక్త అనుచరుడు సాద్ ఇబ్న్ అబీ వక్కాస్ ఉదంతాన్ని చూపుతారు: ఆస్తిలో ఎంత దానంగా రాసిపోవచ్చునని ఆయన అడిగినప్పుడు, మూడో వంతు చాలు, అదీ ఎక్కువేనని ప్రవక్త చెప్పారు. ఇక లెక్క. మరో కంపెనీ ఆస్తులు 50 కోట్లు, అప్పులు 23 కోట్లు అనుకుందాం. 46 శాతం అని కొట్టివేయకండి. నోట్స్‌లో అప్పుల పేజీ తెరిస్తే, అందులో 9 కోట్లు సుకూక్ అని, అంటే షరియాకు అనుగుణమైన పత్రాలని, తక్కిన 14 కోట్లే మామూలు బ్యాంకు రుణమని కనిపిస్తుంది. లెక్కకు వచ్చేది ఆ 14 కోట్లే, అంటే 28 శాతం. కంపెనీ నిలిచింది.

జాబితాలో ఉన్న కంపెనీ తర్వాత దానిలోంచి తొలగిపోతే, షేరు ధర కొన్న ధరను దాటి ఉన్నప్పుడు అమ్మేయాలి. ప్రకటన రోజు వరకు వచ్చిన లాభం మదుపరిదే. ఆ తర్వాత పెరిగినది బైతుల్‌మాల్‌కో (ఇస్లామిక్ ప్రజా నిధికో), దాన ధర్మాలకో వెళ్లాలి. ధర కొన్నదానికన్నా తక్కువగా ఉంటే, పెట్టుబడి తిరిగి వచ్చేదాకా ఆగవచ్చు.

ఇంత జాగ్రత్తగా కట్టిన ఈ వడపోతలో ఒక మనిషి మాత్రం కనిపించడు. అతడు కార్మికుడు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా అప్పు తెచ్చారో ఈ రెండు మెట్లూ అడుగుతాయి కానీ, ఆ సరుకు ఎవరి చేతుల మీదుగా తయారైందో అడగవు. 2020 జులైలో అమెరికా కస్టమ్స్ శాఖ, నిర్బంధ శ్రమ ఆనవాళ్లున్నాయంటూ, మలేషియా కంపెనీ టాప్ గ్లోవ్ అనుబంధ సంస్థలు రెండింటి రబ్బరు గ్లోవ్స్ దిగుమతిని ఆపింది. ఉద్యోగం కోసం వలస కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బును కంపెనీ వారికి తిరిగి చెల్లించిన తర్వాత, 2021 సెప్టెంబరులో ఆ ఆంక్ష తొలగింది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ ఏజెంటుకు కట్టేందుకు అప్పు చేసిన కుటుంబాలకు ఆ డబ్బు బరువు ఎంతో వేరే చెప్పనక్కరలేదు. రెండేళ్ల జీతం ఆ అప్పుకే పోతే, ఆ మనిషి పని మానుకుని ఇంటికి రాలేడు. షరియా నీతిలో కూలి ఎగ్గొట్టడం ఘోరమైన తప్పే. అది శాతాల్లోకి దిగలేదు, అంతే. సామాజిక బాధ్యతనూ షరియా వడపోతనూ కలిపి చూసే ప్రత్యేక సూచీని మలేషియా మార్కెట్ 2021లో తెచ్చింది. ఆ అవసరం వచ్చిందంటేనే మొదటి వడపోత ఒక్కటీ చాలదని అర్థమవుతుంది.

అభ్యాసానికి రెండు కాగితాలు తీసుకోండి. తాజా జాబితాలోని ఒక తయారీ కంపెనీ నివేదిక తెరిచి, మొదటి కాగితం మీద పై నాలుగు శాతాలూ వేయండి. రెండో దాని మీద, నివేదికలోని సుస్థిరత ప్రకటన (కార్మికులు, పర్యావరణం పట్ల తన తీరును కంపెనీ చెప్పుకునే భాగం) చదివి, ఏజెంటు రుసుము ఎవరు భరిస్తున్నారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, వారానికి ఎన్ని గంటల పని, బస ఎలా ఉంది అన్నవాటికి దొరికిన జవాబులు రాయండి. జవాబు దొరకని ప్రశ్న ఎదుట ఖాళీ వదలండి, ఊహతో నింపకండి. ఐదో పాఠంలో వ్యాపార జకాత్ (ముస్లింలు విధిగా ఇచ్చే దానం) లెక్కను మొదలుపెట్టేటప్పుడు ఆ రెండో కాగితం మళ్లీ కావాలి.