గాలివాన మరునాడు మసకబారిన సూర్యబింబం

చెన్నైలో రాత్రంతా ఉరుములతో కురిసిన గాలివాన తెల్లవారుజామున వెలిసింది. ఏసీ గదిలోని చిన్న దూరదర్శినిని మేడమీదికి తెచ్చి, ముందువైపు సౌర ఫిల్టరు బిగించి చూస్తే, సూర్యబింబం పాలిపోయి, అంచు ఉడికే నీటిలా కదులుతూ, నిన్న స్పష్టంగా కనిపించిన సూర్యమచ్చ జాడే లేదు.

మొదటి అనుమానం ఫిల్టరు మీదికే పోయింది. దూరదర్శినిని సూర్యుడి నుంచి పక్కకు తిప్పి, ఫిల్టరు విప్పి, ప్రకాశవంతమైన దీపానికి ఎదురుగా పట్టి పరీక్షించాను. వెలుగును లక్షో వంతుకు తగ్గించే ఆ పలుచని పొరలో సూదిమొనంత రంధ్రం కనిపించినా దాన్ని పారవేయవలసిందే, ఎందుకంటే పోయిన చూపు తిరిగి రాదు. పొర నిక్షేపంగా ఉంది.

అసలు కారణం కటకం మీద పట్టిన చెమ్మ. చల్లటి గాజుకు వాన తరువాతి తేమగాలి తగలడంతో ఆవిరి నీరై నిలిచింది. దాన్ని గుడ్డతో తుడిస్తే ధూళి గీతలు పడతాయి కనుక, నీడలో దాదాపు గంటసేపు ఉంచి ఆరనిచ్చాను. ఎండకు వేడెక్కుతున్న తడి కాంక్రీటు నుంచి లేచే గాలి వల్లనే అంచు కదులుతోందని గ్రహించి, పరికరాన్ని కింద తోటలోని గడ్డి మీదికి మార్చాను.

అంచు కొంత కదిలినా, సూర్యమచ్చ మళ్లీ కనిపించింది. 1909లో కొడైకెనాల్ వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త ఎవర్‌షెడ్ వాయుప్రవాహాన్ని గుర్తించిన అర్ధఛాయ, అంటే మచ్చ నడిమి నల్లటి భాగాన్ని చుట్టి ఉండే లేతఛాయ, వంటిదే దాని చుట్టూ బూడిదరంగు అంచుగా తేలింది. ఇప్పుడు దూరదర్శినిని సంచిలో మూసే ఉంచి, బయటి వేడికి అలవాటైన తరువాతే తెరుస్తున్నాను.