పప్పీకి టీకా వేయించాక ఏదో తేడాగా ఉందా? ముందు టైం చూడండి

మా కుక్కపిల్లకి రెండో డోస్ వేయించి ఇంటికొచ్చాక గంటన్నర బానే ఆడుకుంది, తర్వాత చూస్తే పట్టా మీద మూతి పెట్టి ఒకటే రుద్దుకుంటోంది, ఎత్తుకుని చూస్తే పైపెదవి మందంగా అయిపోయింది, కనురెప్పలు ఉబ్బి కళ్ళు సగమే తెరుస్తోంది. చేతులు వణుకుతుండగా డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది "ఇంజెక్షన్ ఎన్నింటికి పడింది, వాపు ఎన్నింటికి మొదలైంది" అని. నాకు రెండూ సరిగ్గా తెలీదు. అప్పట్నుంచి ఎవరడిగినా ఇదే చెప్తున్నా, సూది పడిన టైం ఫోన్లో రాసి పెట్టుకోండి, ఎందుకంటే సమస్య ఏంటో సగం ఆ టైమే చెప్పేస్తుంది.

కూలబడిపోయింది, చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి, ఆగకుండా వాంతులు

ఇది చదువుతూ కూర్చోవద్దు, బయల్దేరండి, దారిలో ఫోన్ చేయండి. ఎక్కువగా సూది పడిన నిమిషాల్లోనో కొద్ది గంటల్లోనో వచ్చే పెద్ద అలర్జీ షాక్ ఇది. చాలామంది పొరబడేది ఎక్కడంటే, మనుషుల్లో లాగా మూతి వాచి ఊపిరాడకపోతేనే అలర్జీ అనుకుంటారు, కుక్కల్లో ఈ దెబ్బ ముందు లివర్ మీద, పేగుల మీద పడుతుంది కాబట్టి ఉన్నట్టుండి వాంతులు, మోషన్స్, నీరసంతో మొదలవ్వచ్చు, మూతి వాపు అసలు లేకపోవచ్చు కూడా. పైపెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోట 2 సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి, రాకపోయినా, నొక్కకముందే పాలిపోయి ఉన్నా రక్తప్రసరణ పడిపోతున్నట్టే. దీనికి అడ్రినలిన్, సెలైన్ కావాలి, అవి ఇంట్లో అయ్యే పని కాదు.

మూతి వాపు, ఒంటి మీద దద్దుర్లు, దురద

మా దానికి వచ్చింది ఇదే. ఇదీ అలర్జీయే గానీ షాక్ దాకా పోనిది, మామూలుగా మొదటి కొన్ని గంటల్లోనే బయటపడుతుంది. చాలాసార్లు అలర్జీ టీకాలోని వైరస్ కి కాదు, తయారీలో మిగిలిపోయే దూడ సీరం లాంటి ప్రొటీన్లకి వస్తుంది. డాక్టర్ చూసి అలర్జీ ఇంజెక్షన్, అవసరమైతే స్టెరాయిడ్ ఇస్తారు, అక్కడితో తగ్గుతుంది, కానీ ఆ రాత్రంతా గమనించాలి, వాంతులు మొదలైతే మళ్ళీ పరిగెత్తాలి. వెళ్ళేముందు వాపుకి ఫోటో తీయండి, మీరు చేరేసరికి కొంత తగ్గిపోయిందంటే చూపించడానికి ఏమీ ఉండదు.

డల్ గా పడుకుంది, తిండి సరిగ్గా తినట్లేదు, ఒళ్ళు వెచ్చగా ఉంది

ఒంట్లో రక్షణ తయారవుతున్నప్పుడు ఇది మామూలే, ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. కుక్కల ఒళ్ళు మనకంటే వేడిగానే ఉంటుంది, 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా నార్మల్, కాబట్టి చేత్తో ముట్టుకుని జ్వరం అనుకోకుండా థర్మామీటర్ తో చూడండి. మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం ఇవ్వొద్దు, దయచేసి ఇవ్వొద్దు, అవి కుక్కల్ని చంపేయగలవు. 48 గంటలు దాటినా తేరుకోకపోతే వెళ్ళండి, అదే బాగా చిన్న జాతి పిల్లయితే అంత ఆగొద్దు, కొన్ని పూటలు తినకపోయినా షుగర్ పడిపోయి తూలుతుంది.

సూది వేసిన చోట గడ్డ

శెనగగింజంత గట్టిగా తగిలితే కంగారు పడక్కర్లేదు, రెండు మూడు వారాల్లో కరుగుతుంది. పిసకొద్దు. నెల తర్వాత కూడా పెరుగుతుంటే, వేడిగా ఉండి చీము పడితే చూపించండి.

తుమ్ములు, చిన్న దగ్గు

కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు) టీకా ముక్కులో చుక్కలుగా వేశారా? అయితే కొన్ని రోజులు ముక్కు కారడం, తుమ్మడం దానివల్లే. తిండి మానేసినా, చీమిడి చిక్కగా పచ్చగా వచ్చినా అది వేరే సంగతి.

నాలుగైదు రోజులకి రక్తంతో మోషన్స్

ఎక్కువ గొడవలు జరిగేది ఇక్కడే, పార్వో దగ్గర, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. "టీకా వేయించాం, పార్వో వచ్చింది, టీకా వల్లే వచ్చింది" అంటారు, ఆ బాధ అర్థమవుతుంది గానీ లెక్క చూడండి. పార్వో ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, అంటే సూది పడేనాటికే అంటుకుని ఉండొచ్చు, లేదా దాని చుట్టుపక్కల రోజుల్లో. ఇంకోటి, తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్ళూ టీకాని పనిచేయనివ్వవు, అవి ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతాయో బయటికి కనపడదు, అందుకే 6-8 వారాలకి మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా డోసులు మళ్ళీ మళ్ళీ వేస్తారు. ఒక డోస్ పడిందని పిల్లని బయట కుక్కలు తిరిగే చోట దించేస్తే ఈ మధ్యలోనే అంటుకుంటుంది.

టెస్ట్ కూడా తికమక పెడుతుంది, పార్వో టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్ కాబట్టి కొన్ని రోజులు మలంలో బయటికొస్తుంది, పీసీఆర్ టెస్ట్ దాన్నీ పట్టేసి పాజిటివ్ చూపించొచ్చు. టీకా వైరస్సా బయటిదా అని విడదీసే పీసీఆర్ కొన్ని ల్యాబుల్లో చేస్తారు, అది అడగండి, తెల్లరక్తకణాల లెక్క కూడా చూడమనండి. రిజల్ట్ వచ్చేదాకా వైద్యం మాత్రం ఆపకూడదు.

నిజంగా టీకా వల్లేనా, ఎలా తేల్చుకోవాలి

కార్డు మీద అంటించిన స్టిక్కర్ ఫోటో తీయండి, టీకా పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ అందులోనే ఉంటాయి. ఏ కాలు, మెడ దగ్గర ఏ పక్క వేశారో రాయండి. అదే రోజు నులిపురుగుల మందు గానీ గోమార్ల మందు గానీ పడిందా, కొత్త తిండి పెట్టారా, తోటలో ఏదైనా నోట్లో పెట్టుకుందా, తేనెటీగ కుట్టిందా, ఇవన్నీ కూడా, ఎందుకంటే మూతి వాపు వీటితోనూ వస్తుంది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పొడిలో నీళ్ళు కలిపాక వెంటనే వాడాలి, ఎలా ఉంచారో మర్యాదగా అడగొచ్చు, తప్పేం లేదు. తర్వాత డాక్టర్ ద్వారా తయారీ కంపెనీకి, ప్రభుత్వ మందుల విభాగానికి రిపోర్ట్ పంపించండి, గ్యారంటీగా టీకా వల్లే అని తేలక్కర్లేదు, అనుమానం చాలు. ఒకే బ్యాచ్ మీద నాలుగు రిపోర్టులు వస్తేనే కదా లోపం బయటపడేది. పిల్ల చనిపోతే, చెప్పడానికి మనసు రాదు గానీ, వెంటనే పోస్ట్‌మార్టం అడగండి, శరీరాన్ని ఫ్రిజ్ చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టించకూడదు.

తర్వాతి డోస్ సంగతి

భయపడి మానేయొద్దు. అమెరికాలో 12 లక్షలకి పైగా కుక్కల రికార్డులు చూసి 2005లో వేసిన లెక్కలో, టీకా తర్వాత 3 రోజుల్లో రియాక్షన్ అని రాసినవి 10,000 కుక్కలకి సుమారు 38, చిన్న కుక్కల్లో, ఒకే రోజు ఎక్కువ టీకాలు పడినవాటిలో ఇంకాస్త ఎక్కువ. పిల్ల చిన్నది కదా అని సగం డోస్ వేయమంటారు కొందరు, అది పనికిరాదు, డోస్ బరువుని బట్టి కాదు. సగం తగ్గించే బదులు టీకాల్ని విడదీసి కొన్ని వారాల గ్యాప్ తో వేయించుకోవచ్చు, వేరే కంపెనీది చూడొచ్చు, ముందే అలర్జీ మందు ఇవ్వొచ్చు, అయితే మందు ఇచ్చారు కదా అని షాక్ రాదని ధీమాగా ఉండకూడదు. షాక్ దాకా వెళ్ళిన పిల్లకి మాత్రం మళ్ళీ వేయాలా వద్దా అన్నది డాక్టర్ తో కూర్చుని తేల్చుకోవాలి, 20 వారాలు దాటాక రక్తంలో యాంటీబాడీ టెస్ట్ చేస్తే పార్వోకి, డిస్టెంపర్ (కుక్కల్లో వచ్చే ఇంకో వైరస్ జబ్బు) కి రక్షణ ఉందో లేదో కొంత తెలుస్తుంది.

మా దానికి మూడో డోస్ పొద్దున్నే వేయించా, రోజంతా క్లినిక్ తెరిచే ఉంటుందని. లెప్టో టీకా (ఎలుకల మూత్రంతో అంటుకునే బ్యాక్టీరియా జబ్బుది) విడిగా మూడు వారాలకి. సూది 9:40కి పడింది, గంట అక్కడే కూర్చున్నాం, చిగుళ్ళు చూస్తూ, మూతి తడుముతూ. సాయంత్రానికి గిన్నె నాకేసి ఇంకా పెట్టమని నా కాళ్ళ దగ్గరే తిరిగింది.