డ్రోన్ పనోరమా నేర్చుకుందాం – 3వ పాఠం: అతకడం, దిద్దడం, పంచుకోవడం

చుట్టూ 360 డిగ్రీలూ తిప్పి చూడగల పనోరమా కోసం డ్రోన్‌ను గాలిలో ఒకే చోట నిలిపి, ఎక్స్‌పోజరునూ (వెలుగు మోతాదు) వైట్ బ్యాలెన్సునూ (రంగుల తూకం) మారకుండా బిగించి, చుట్టూ వరుసలు వరుసలుగా ఫొటోలు తీయడం కిందటి పాఠంలో చూశాం. ఆ ఫొటోలతో పాటు డ్రోన్ యాప్ తానే అతికి ఇచ్చిన చిత్రం కూడా మీ దగ్గర ఉండవచ్చు. చూసుకోవడానికి అది చాలు, పని మాత్రం విడి ఫొటోలతోనే మొదలుపెట్టండి. వివరం ఎక్కువగా దక్కుతుంది, ఎక్కడైనా తప్పు దొర్లితే దిద్దుకునే వీలుంటుంది. ఇక్కడ ఫొటోలను అతికే హగిన్ అనే ఉచిత ప్రోగ్రాం వాడుతున్నాను. వేరే ప్రోగ్రాం ఉన్నవారికీ పని క్రమం ఇదే.

రా ఫొటోలైతే (కెమెరా దిద్దకుండా ఇచ్చేవి) ముందు ఒకదాన్ని దిద్ది, అవే కొలతలను మిగతా అన్నిటికీ వర్తింపజేయండి. ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా దిద్దితే ఆకాశం పలకలు పలకలుగా కనిపిస్తుంది.

ఫొటోలను హగిన్‌లోకి ఎక్కించి అలైన్ బటన్ నొక్కితే అది కంట్రోల్ పాయింట్లు వెతుకుతుంది. పక్కపక్క ఫొటోల్లో ఒకే వస్తువుకు చెందినవని గుర్తించిన జంట బిందువులివి. మేఘాలు, అలలు, వాహనాల మీద పడ్డ జంటలు పనికిరావు. రెండు ఫొటోల మధ్య సమయంలో అవి కదిలిపోయి ఉంటాయి. మేఘాల మీది బిందువులను ఏరేయడానికి హగిన్‌లోనే సెలెస్ట్ అనే సాధనం ఉంది, మిగిలినవి చేత్తో తీసేయాలి. సగటు దోషం, అంటే అతికాక జంట బిందువుల మధ్య మిగిలిన ఎడం, రెండు మూడు పిక్సెళ్లకు దిగితే ముందుకు సాగవచ్చు. దిగకపోతే పట్టికలో అన్నిటికన్నా ఎక్కువ దోషం ఉన్న జంటలను తెరిచి చూడండి. చాలాసార్లు అవి దగ్గరి చెట్టు మీదో, భవనం అంచు మీదో ఉంటాయి. డ్రోన్ తన చుట్టూ తాను తిరిగినప్పుడు ముందువైపున్న లెన్స్ ఒక చిన్న వృత్తంలో కదులుతుంది, గాలి మరికాస్త జరుపుతుంది. దూరపు కొండకు ఈ కదలిక లెక్కలోకి రాదు, దగ్గరి కొమ్మకు వస్తుంది. అలాంటి చోట ఒక ఫొటోలోని భాగాన్ని మాస్క్‌తో కప్పేస్తే అతుకు అటు పోకుండా తప్పుకుంటుంది.

ఫలితాన్ని ఈక్విరెక్టాంగ్యులర్ పద్ధతిలో (చుట్టూ ఉన్న దృశ్య గోళాన్ని దీర్ఘచతురస్రంగా పరిచే పద్ధతి), అడ్డంగా 360, నిలువునా 180 డిగ్రీలకు తీసుకోండి. వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెట్టింపు ఉండాలి. దిద్దుబాట్లన్నీ అయ్యేవరకు 16 బిట్ల టిఫ్ ఫైలుగానే ఉంచండి.

ఇప్పుడు క్షితిజ రేఖ. చూసేవారి కన్ను అన్నిటికన్నా ముందు పట్టే లోపం ఇక్కడే ఉంటుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. గోళం మొత్తం ఒక పక్కకు ఒరిగితే, పరిచిన చిత్రంలో క్షితిజం ఒక మిట్ట, ఒక పల్లంతో అలలా కనిపిస్తుంది. ఒరుగు ఎటు ఉందో ఆ అలే చెబుతుంది. మిట్టగానీ పల్లంగానీ చిత్రం నడిమధ్యలో ఉంటే మార్చాల్సింది పిచ్ (ముందుకూ వెనక్కూ వంపు). నడిమధ్యలో గీత ఏటవాలుగా ఉండి, మిట్టా పల్లమూ చిత్రానికి పావు, ముప్పావు దూరాల్లో ఉంటే మార్చాల్సింది రోల్ (పక్కకు వంపు). ఎంత మార్చాలన్నది కూడా కొలవవచ్చు. 8,000 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రంలో ఒక డిగ్రీ అంటే సుమారు 22 పిక్సెళ్లు. మిట్టకూ పల్లానికీ మధ్య ఎత్తు తేడా 88 పిక్సెళ్లు ఉంటే అందులో సగం 44, అంటే రెండు డిగ్రీలు. హగిన్ ఫాస్ట్ ప్రివ్యూలోని మూవ్ ట్యాబులో ఆ అంకె ఇచ్చి చూడండి. అల రెట్టింపైతే అంకె ముందున్న ప్లస్, మైనస్ గుర్తు తిరగేయండి.

గీత తిన్నగా వచ్చాక, అది సరిగ్గా సగం ఎత్తులో లేదని కంగారు పడనక్కర్లేదు. 100 మీటర్ల ఎత్తు నుంచి సముద్ర క్షితిజం కంటి మట్టానికి సుమారు 0.3 డిగ్రీ కిందుగా ఉంటుంది. ఈ చిత్రంలో అది ఏడు పిక్సెళ్లు. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల వచ్చిన తేడా అది, దాన్ని అలాగే ఉంచండి.

చాలా డ్రోన్ల కెమెరా నేరుగా పైకి చూడలేదు కాబట్టి నడినెత్తిన ఖాళీ మిగులుతుంది. పరిచిన చిత్రంలోని పై వరుస మొత్తం నిజానికి ఒక్క బిందువే. అందుకే ఆ వరుసలో రంగు మారితే నడినెత్తిన ముడతలు పడతాయి. గింప్ అనే ఉచిత ఫొటో ప్రోగ్రాంలోని పనోరమా ప్రొజెక్షన్ ఫిల్టరుతో చూపును నేరుగా పైకి తిప్పి, ఖాళీని చుట్టూ ఉన్న ఆకాశపు రంగుతో నింపి, తిరిగి యథాస్థానంలో పెట్టండి. వేరే ఫొటోలోని మేఘాలు తెచ్చి అతికించడం నాకు ససేమిరా నచ్చదు. ఆకాశంలోని వెలుగు దిక్కుకూ నేల మీది నీడలకూ పొంతన లేని చిత్రాన్ని చూసేవారు నమ్మరు. సాదా నీలం ఎంతో మేలు.

ఎడమ, కుడి అంచులు కలిసే చోటును కూడా చూడాలి. గింప్‌లోని ఆఫ్‌సెట్ ఆదేశంతో చిత్రాన్ని సగం వెడల్పు పక్కకు జరిపితే ఆ అతుకు మధ్యలోకి వస్తుంది. షార్పెనింగ్ (చిత్రానికి పదును పెట్టడం) చేశాక ఈ పరీక్ష మళ్లీ చేయండి, ఆ ఫిల్టర్లు అంచుల దగ్గర సన్నని గీత మిగులుస్తాయి.

ఇక పంచుకోవడం. చిత్రాన్ని జేపెగ్‌గా మార్చాక, అది గోళమని చెప్పే మెటాడేటా (ఫైలులో దాగి ఉండే వివరాలు) అందులో ఉందో లేదో చూడండి. ప్రొజెక్షన్ టైప్ అనే గడిలో ఈక్విరెక్టాంగ్యులర్ అని ఉండాలి. ఫొటో దిద్దే ప్రోగ్రాముల్లో అది పోవడం మామూలే, పోతే సామాజిక మాధ్యమాలు దాన్ని బల్లపరుపు ఫొటోగా చూపిస్తాయి. ఎక్జిఫ్‌టూల్ అనే ఉచిత సాధనంతో తిరిగి రాయవచ్చు. ఎవరి ఇల్లైనా కనిపిస్తుంటే జీపీఎస్ వివరాలను అదే సాధనంతో తుడిచేయండి, ఇందులో మొహమాటం వద్దు. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే చిత్రం కుంచించుకుపోతుంది, మెటాడేటా కూడా పోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

సొంత వెబ్‌సైటు ఉంటే పానెల్లమ్ అనే ఉచిత వ్యూయర్ చక్కగా పనిచేస్తుంది. చిత్రం మరీ పెద్దదైతే కొన్ని ఫోన్లు ఒకే ముక్కగా చూపలేవు. పానెల్లమ్‌తో వచ్చే స్క్రిప్టు దాన్ని చిన్న పలకలుగా కోస్తుంది, చూపు ఎటు తిరిగితే ఆ పలకలనే వ్యూయర్ తెప్పిస్తుంది. తెరవగానే ఏ దిక్కు కనపడాలో కూడా అక్కడే నిర్ణయించండి. ఆ మొదటి చూపులో ఏదో ఒక ఆనవాలు ఉండాలి, ఖాళీ ఆకాశం కాదు.

అభ్యాసం: ఒకే ఫొటోల సమూహాన్ని రెండుసార్లు అతకండి. మొదటిసారి క్షితిజాన్ని సరిచేసే పనిని హగిన్‌లోని స్ట్రెయిటెన్ బటన్‌కు వదిలేయండి, రెండోసారి అల కొలిచి మీరే సరిచేయండి. రెండింటినీ ఫోనులో చుట్టూ తిప్పి చూడండి. వచ్చే పాఠంలో రెండు పనోరమాలను బాణం గుర్తులతో కలిపి, ఒకదాని నుంచి ఇంకొకదానికి నడిపించడం చేద్దాం. అందుకు ఒకే ప్రదేశంలో రెండు వేర్వేరు చోట్ల తీసిన ఫొటోలు సిద్ధంగా పెట్టుకోండి.