ఏ రొట్టె కావాలో ముందు తేల్చుకోండి

మొహర్రంలో మా నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండగలో, కోరికను బట్టి ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అని పేరు పెట్టే అడుగుతారు. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి అదే రొట్టె పంచాలి. జీవితంలో ఏం సాధించాలో రాసుకునే నా డైరీ కూడా అంతే, ఏం కావాలో పేరు పెట్టి రాయాలి.

ముందు ఒక్క వాక్యం రాయండి: ఎవరికి, ఏ పనితో ఉపయోగపడతాను? నాది, ‘మా వీధి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి సొంత సంపాదన చూపిస్తా.’ దీనికే మూడు వారాలు పట్టింది. మొదట రాసిందంతా పక్కింటోళ్లు మెచ్చుకోవాలనే! కొట్టేశా.

దాని కింద ఏడాదికి రెండే లక్ష్యాలు. ‘మిషను కొనాలి’ అని కాదు, ‘సంక్రాంతికి రెండో కుట్టుమిషను, నెలకు 1500 పక్కన.’ చేతిలో డబ్బు ఆడని నెల వస్తే తేదీ జరపండి, వాక్యం జోలికి పోవద్దు.

రొట్టెల పండగనాడు డైరీ తీసి చూసుకుంటా. పోయినేడు ఒకటే తీరింది.