మద్దిలపాలెం సిగ్నల్ సిమ్యులేషన్‌లో మొరాయిస్తే

ట్రాఫిక్‌ని కంప్యూటర్‌లో నడిపి చూపే సాఫ్ట్‌వేర్ సుమోలో విశాఖ రోడ్లు దించుకున్నవాళ్లు మొదట సిగ్నల్ టైమింగ్‌ని తిడతారు. నేనూ తిట్టాను. చాలాసార్లు తప్పు టైమింగ్‌ది కాదు, దాని కిందున్న జంక్షన్‌ది.

సమస్య: ఒకే జంక్షన్‌లో బండి రెండుసార్లు ఆగుతోంది

ఇసుకతోట వైపు నుంచి వచ్చిన బస్సు గ్రీన్ పడగానే కదిలింది. నాలుగు బళ్ల పొడవు వెళ్లి, నడి జంక్షన్‌లో ఇంకో రెడ్ చూసి ఆగింది. వెనకున్న ఆటో అడ్డరోడ్డు మీదే ఇరుక్కుంది. ఇలా 300 సెకన్లు కదలకపోతే సుమో ఆ బండిని ఎత్తి ముందుకు పడేస్తుంది. దీన్నే టెలిపోర్ట్ అంటారు. బండి మాయమైందని జామ్ తీరిపోయినట్టు సంబరపడొద్దు.

కారణం: జాతీయ రహదారి 16కి మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి మనం రోడ్లు దించుకునే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అది రెండు వన్‌వే గీతలు. అడ్డరోడ్డు వాటిని రెండుచోట్ల కోస్తుంది. మనకి మద్దిలపాలెం ఒకటే, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం రెండు, ఒక్కోసారి నాలుగు. దానికి తోడు మ్యాప్‌లో సిగ్నల్ గుర్తు స్టాప్ లైన్ దగ్గర ఉంటే అక్కడా ఓ సిగ్నల్ పుట్టుకొస్తుంది.

పరిష్కారం: మ్యాప్‌ని సుమో నెట్‌వర్క్‌గా మార్చే నెట్‌కన్వర్ట్ నడిపేటప్పుడు జంక్షన్స్ జాయిన్, టీఎల్ఎస్ (అంటే ట్రాఫిక్ సిగ్నల్) గెస్ సిగ్నల్స్, టీఎల్ఎస్ జాయిన్ ఆప్షన్లు మూడూ ఆన్ చేయండి. ఇంకా మిగిలిపోయినవాటిని నెట్‌వర్క్‌ని దిద్దే నెట్‌ఎడిట్‌లో సెలెక్ట్ చేసి ఎఫ్7 నొక్కితే కలుస్తాయి. కలిపాక పాత ఫేజ్‌లు, అంటే సిగ్నల్ దశలు, అతికించకండి. ఫేజ్‌లో ఒక్కో కనెక్షన్‌కి, అంటే ఒక లేన్ నుంచి ఇంకో లేన్‌కి వెళ్లే దారికి, ఒక్కో అక్షరం (రెడ్‌కి ఆర్, గ్రీన్‌కి జీ) చొప్పున ఉంటుంది, లెక్క తేడా వస్తే ఎర్రరే. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాంటి చోట కలిపాక పైరోడ్డూ కిందిరోడ్డూ అంటుకోలేదని కళ్లతో చూసుకోండి.

సమస్య: ఫ్రీ లెఫ్ట్ బళ్లు రెడ్‌లో ఆగిపోతున్నాయి

ఆ మలుపు కనెక్షన్‌కి అన్ని ఫేజ్‌లలోనూ ఆర్ తీసేసి చిన్న జీ పెట్టండి. అంటే దారిస్తూ వెళ్లొచ్చని. పెద్ద జీ పెడితే ఎవరికీ దారివ్వదు. అసలు బళ్లన్నీ కుడివైపు నడుస్తుంటే మాత్రం ఇక్కడ వెతకొద్దు, నెట్‌కన్వర్ట్‌లో లెఫ్ట్‌హ్యాండ్ ఆప్షన్ మర్చిపోయారు. నెట్‌వర్క్ మళ్లీ కట్టాల్సిందే.

సమస్య: 40 బోర్డు ఉన్నా బళ్లు దూసుకుపోతున్నాయి

నేను బీచ్ రోడ్డుకి స్పీడ్ గడిలో 40 అని కొట్టాను. కార్లు విమానాల్లా పోయాయి. ఆ గడి సెకనుకి మీటర్లలో ఉంటుంది, 40 అంటే గంటకి 144 కిలోమీటర్లు! కొట్టాల్సింది 11.11. సుమోలో మామూలు బోర్డు వేరే వస్తువు కాదు, రోడ్డుకో జంక్షన్‌కో ఉండే గుణం. స్టాప్ బోర్డు కావాలంటే బొమ్మ పెడితే చాలదు, జంక్షన్ టైప్‌ని ప్రయారిటీ స్టాప్‌గా మార్చాలి. ఇవన్నీ సరిచేసినా కొన్ని కార్లు 40 దాటుతాయి. అది బగ్ కాదు, డ్రైవర్ల తేడా చూపించే స్పీడ్ ఫ్యాక్టర్.

సమస్య: క్యూ అసలుకన్నా పొడవుగా వస్తోంది

మామూలుగా సుమో లేన్‌లో ఒకదాని వెనక ఒకటే నిలబెడుతుంది. మన బైకులు అలా ఆగుతాయా? లేన్‌ని సన్న చారలుగా చీల్చే లేటరల్ రిజల్యూషన్ 0.8 (మీటర్లు) ఇచ్చి, బైకులకి మోటార్‌సైకిల్ క్లాస్ పెడితే పక్కపక్కన సర్దుకుంటాయి. రన్ నెమ్మదిస్తుంది, టీ తాగి రండి.